ఆ సీసా వాడకండి!

1984 మే నెల. విమానం గాల్లో ఉంది.

ఇరవై ఏళ్ల కుర్రాడు. పక్కన తల్లి. కాలిఫోర్నియా నుంచి అయినవాళ్ల ఊరికి ప్రయాణం. ఉన్నట్టుండి కుర్రాడు తల తిరుగుతోందన్నాడు. విమానంలో ఎవరికైనా తిరుగుతుంది. గాలి పడదు, చెవులు దిబ్బళ్లు వేస్తాయి, కడుపులో తిప్పుతుంది. దిగితే అదే సర్దుకుంటుంది.

దిగాడు. సర్దుకోలేదు.

కాళ్ల కింద నేల గట్టిగానే ఉంది. అయినా అడుగు తిన్నగా పడటం లేదు. గోడ పట్టుకుంటే గాని నిలవలేకపోతున్నాడు. మాట మొద్దుబారుతోంది. మొన్నటిదాకా మామూలుగా తిరిగిన మనిషి. తాగుడా? మత్తుమందా? అవేవీ కావు. తల్లికి వెంటనే గుర్తొచ్చేది ఒకటే. పసితనం నుంచి బిడ్డ వెన్నంటే ఉన్న జబ్బు.

అతనికి పిట్యూటరీ పనిచేయదు.

ముక్కు దూలం వెనక, మెదడు అడుగున, ఎముకలో చిన్న గుంట ఉంటుంది. ఆ గుంటలో శనగ గింజంత గ్రంథి. బరువు సుమారు అర గ్రాము. మన పుస్తకాల్లో దాని పేరు పీయూష గ్రంథి. ఎదగమని ఎముకలకి చెప్పేది అదే. పనిచేయమని థైరాయిడ్‌కి చెప్పేది, కిడ్నీల మీద కూర్చున్న అడ్రినల్ గ్రంథుల్ని కార్టిసాల్ చేయమని తరిమేది, ఆడపిల్ల ఈడేరడానికి, మగపిల్లాడికి మీసం మొలవడానికి, బాలింతకి పాలు పడటానికి కబురు పంపేది, ఒంట్లో నీరు వృథాగా పోకుండా కాపు కాసేది కూడా అదే. అది మూగబోతే ఒక్క జబ్బు రాదు. ఒకదాని వెనక ఒకటి అన్నీ నెమ్మదిస్తాయి. చిన్నపిల్లల్లో అయితే ముందు అందరి కంట్లో పడేది ఒకటే, ఎత్తు. బడిలో వరసలో నిలబెడితే వాళ్లెప్పుడూ మొదటివాళ్లే.

ఈ కుర్రాడికి దానికి మందు దొరికింది. పదేళ్లకు పైగా సూదులు పొడిపించుకున్నాడు. ఎదిగాడు. టీనేజ్ దాటాక సూదులు మానేశాడు. కథ సుఖాంతమే.

అనుకున్నారు.

స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో డాక్టర్ రేమండ్ హింజ్ పిల్లల హార్మోన్ల నిపుణుడు. కుర్రాడు అక్కడి పేషెంటే. పిట్యూటరీ రోగి కళ్లు తిరుగుతున్నాయంటే హార్మోన్ల డాక్టర్‌కి వెంటనే తట్టే అనుమానాలు కొన్ని ఉంటాయి. చక్కెర పడిపోయిందా? కార్టిసాల్ చాలడం లేదా? ఉప్పు తగ్గిందా? వీటన్నిటికీ విరుగుడు ఉంది. గంటల్లో మనిషి లేచి కూర్చుంటాడు.

ఈ కుర్రాడు లేవలేదు. వారం వారం ఇంకాస్త దిగజారాడు. నడక పోయింది. మాట పోయింది. మింగడం కష్టమైంది. బయట కాలిఫోర్నియా ఎండాకాలం ధగధగలాడుతూ గడిచిపోయింది, చలిగాలి మొదలైంది, ఒక్క పరీక్షా కారణం చెప్పలేదు, ఒక్క మందూ పనిచేయలేదు, ఇరవై ఏళ్ల ఒళ్లు మంచానికి అంటుకుపోయింది. నవంబర్‌లో ప్రాణం పోయింది. మొదటిసారి తల తిరిగిన రోజు నుంచి ఆర్నెల్లు.

మెదడు శవపరీక్షకి వెళ్లింది.

పలచగా కోసిన ముక్క. గాజు పలక. మైక్రోస్కోపు కింద వెలుతురు. నరాల కణాలు ఉండాల్సిన చోట సన్నసన్నని చిల్లులు. చూసినవాళ్లకి అనుమానానికి తావే లేదు. క్రాయిట్స్‌ఫెల్ట్-జేకబ్ జబ్బు. క్లుప్తంగా సీజేడీ అంటారు. ఏడాదికి పది లక్షల మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. వచ్చిందంటే మందు లేదు. అదీ ఎక్కువగా అరవై ఏళ్లు దాటినవాళ్ల జబ్బు.

ఇరవై ఏళ్లకి ఎలా వచ్చింది?

ఈ ప్రశ్న హింజ్‌ని వదల్లేదు. ఆ బిడ్డ ఒంట్లోకి బయట నుంచి వెళ్లింది ఏంటి? జవాబు కేస్ షీట్ల నిండా ఉంది. వారానికి రెండు మూడు సూదులు, ఏళ్ల తరబడి. మరి ఆ మందు ఎక్కడి నుంచి వచ్చింది?

శవాల నుంచి.

ఇక్కడ ముప్ఫై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. షుగర్ రోగులకి పందుల నుంచి, ఆవుల నుంచి తీసిన ఇన్సులిన్ పనిచేసింది. ఎదుగుదల హార్మోన్ దగ్గర ఆ దారి మూసుకుపోయింది. జంతువుల హార్మోన్‌ని మనిషి ఒళ్లు లెక్కచేయదు. మనిషిది మనిషికే కావాలి. బోస్టన్‌లో టఫ్ట్స్‌కి చెందిన మారిస్ రాబెన్ చనిపోయినవాళ్ల పిట్యూటరీల నుంచి ఆ హార్మోన్ తీసే పద్ధతి కనిపెట్టాడు. పిట్యూటరీ లోపంతో ఎదుగుదల ఆగిపోయిన పదిహేడేళ్ల కుర్రాడికి ఇచ్చాడు. కుర్రాడు ఎదిగాడు. 1958లో ఆ సంగతి అచ్చయింది. ఎదగని బిడ్డ ఉన్న ప్రతి ఇంటికీ అది పండగ కబురు.

కానీ అర గ్రాము గ్రంథిలో ఉండే హార్మోన్ ఎంత? ఒక్క బిడ్డని ఏళ్లపాటు ఎదిగించడానికి ఎంతమంది చనిపోవాలి? 1963లో అమెరికా ప్రభుత్వం అండతో నేషనల్ పిట్యూటరీ ఏజెన్సీ పుట్టింది. దేశం మొత్తం మీద మార్చురీల్లో పుర్రె తెరిచినప్పుడల్లా ఆ గింజని ఏరి అసిటోన్ సీసాలో వేయడమో, గడ్డకట్టించడమో చేసేవాళ్లు. పోస్టులో, పార్సిల్లో అవి ల్యాబులకి చేరేవి. అక్కడ వేల గ్రంథులు ఒకే పాత్రలో కలిసిపోయేవి. ఎవరిది ఏదో చెప్పే దారి లేదు. అందులో ఒక్కరు, ఒకే ఒక్కరు, సీజేడీ ముదరకముందే ఇంకో కారణంతో పోయినవాళ్లయితే?

ఆ ఒక్క గ్రంథి పాత్ర మొత్తాన్ని విషం చేస్తుంది.

1985 ఫిబ్రవరి 25, సోమవారం. హింజ్ ఉత్తరం రాశాడు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి ఒకటి. ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌కి ఒకటి. విషయం సూటిగా ఉంది. పిట్యూటరీ హార్మోన్ తీసుకున్న ఇరవై ఏళ్ల యువకుడు సీజేడీతో చనిపోయాడు. ఆ మందు వల్లేమో చూడండి.

ఆ ఉత్తరం వెనక ఎంత బరువుందో తెలియాలంటే ఒక సంగతి చెప్పాలి. ఇరవై రెండేళ్లలో ఆ కార్యక్రమం కింద సుమారు 7,700 మందికి ఆ సూదులు పడ్డాయి. దాదాపు అందరూ పిల్లలుగా ఉన్నప్పుడే. తల్లిదండ్రులు ఎంతగానో బతిమాలుకుని, వరసలో నిలబడి, అదృష్టం కొద్దీ సంపాదించుకున్న మందు అది. సూది వేసింది చాలా ఇళ్లలో అమ్మానాన్నలే.

ఎన్ఐహెచ్ ఉన్న బెథెస్డాలో నిపుణులు సమావేశమయ్యారు. గదిలో మాట రెండుగా చీలింది. ఒక్క కేసు. ఒకే ఒక్కటి. యాదృచ్ఛికం కాకూడదా? మందు ఆపితే ఎదుగుతున్న పిల్లలు ఉన్నచోటే ఆగిపోతారు. కొందరు పసివాళ్లలో చక్కెర పడిపోకుండా కాపాడేదీ ఆ హార్మోనే. ఆపడం కూడా ప్రాణాలతో చెలగాటమే. ఆపకపోతే?

గదిలో అందరికీ కురు జబ్బు సంగతి తెలుసు. పాపువా న్యూగినీ కొండల్లో ఫోరే తెగవాళ్లు చనిపోయిన ఆత్మీయుల్ని మర్యాదగా సాగనంపే ఆచారంలో భాగంగా వాళ్ల శరీరాన్ని తినేవారు. ఆడవాళ్లు, పిల్లలే ఎక్కువగా కురు పాలబడ్డారు. ముందు తూలుడు. తర్వాత వణుకు. ఆ తర్వాత మింగలేకపోవడం. కురు, సీజేడీ ఒకే కుదురు జబ్బులని, మెదడు నుంచి కోతులకి అంటించవచ్చని చూపించిన గైదుషెక్‌కి 1976లో నోబెల్ కూడా ఇచ్చారు. అదే 1976లో, మేకలూ గొర్రెల్లో వచ్చే స్క్రేపీ మీద పనిచేసే అలన్ డికిన్సన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త అక్కడి అధికారుల్ని హెచ్చరించాడు. శవాల గ్రంథుల మందులో ఈ జబ్బు ఉండొచ్చు, చూసుకోండన్నాడు. అప్పటికి పిల్లలకి సూదులు పడుతూనే ఉన్నాయి. ఆ హెచ్చరిక తర్వాత తొమ్మిదేళ్లు పడుతూనే ఉన్నాయి. ఇది క్షమించడం కష్టం.

కురులో ఇంకో నిజం ఉంది. అంటుకున్న రోజుకీ బయటపడే రోజుకీ మధ్య దశాబ్దాలు గడవచ్చు. స్టాన్‌ఫర్డ్ కుర్రాడు మొదటివాడైతే, వెనకాల వరసలో ఎంతమంది ఉన్నారు?

ఫోన్లు మోగడం మొదలైంది.

డాలస్ నుంచి ఒకటి. పిట్యూటరీ హార్మోన్ తీసుకున్న ఒక యువకుడు, అవే లక్షణాలు, చనిపోయాడు. బఫెలో నుంచి ఇంకోటి. అదే వయసు గుంపు, అదే మందు, అదే చావు. అట్లాంటిక్ అవతల బ్రిటన్‌లో ఒక యువతి. ఇక యాదృచ్ఛికం అనే మాట ఎవరి నోటా రాలేదు.

1985 ఏప్రిల్ 19, శుక్రవారం. పంపిణీ ఆగిపోయింది.

ఫ్రిజ్‌లలో సీసాలు ఉన్నాయి. పిల్లలు ఎదుగుతున్నారు. తలుపు పక్కన గోడ మీద పెన్సిల్ గీతలు పైకి జరుగుతున్నాయి. ఆ సీసా వాడకండి అని కబురు. ఇక వాడకపోతే సరే. కిందటి వారం వేసింది? కిందటి ఏడాది వేసింది? రక్తంలో చూసి చెప్పే పరీక్ష లేదు. ఒంట్లో ఉందా లేదా అన్నది జబ్బు బయటపడితేనే తెలుస్తుంది. బయటపడితే ఇక చేసేదేం లేదు. 7,700 ఇళ్లలో ఆ రాత్రి నుంచి ఎవరికైనా తల తిరిగితే, కాలు తడబడితే, చేతిలోంచి చెంచా జారితే, అది మామూలు సంగతి కాకుండా పోయింది.

మరి మందు లేని పిల్లల సంగతి?

విచిత్రం ఏంటంటే, మందు అప్పటికే తయారై ఉంది. స్టాన్‌ఫర్డ్‌కి దగ్గర్లోనే ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోకి దక్షిణంగా ఉన్న జెనెన్‌టెక్ అనే కంపెనీ 1979లోనే మనిషి ఎదుగుదల జన్యువుని బ్యాక్టీరియాలో పెట్టి హార్మోన్ చేయించింది. శవం అక్కర్లేదు. గ్రంథి అక్కర్లేదు. పెద్ద పెద్ద తొట్లలో బ్యాక్టీరియా పెరుగుతుంది, హార్మోన్ తయారుచేస్తుంది, అంతే. దాన్ని ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి ఇచ్చి పనిచేస్తుందని 1982లో లాన్సెట్‌లో రాసిన బృందంలో మొదటి పేరు ఎవరిదో తెలుసా? రేమండ్ హింజ్. పాత మందు మీద తొలి ఉత్తరం రాసిన చెయ్యి, కొత్త మందుని తొలిగా తూచిన చెయ్యి ఒక్కటే. అనుమతి మాత్రం ఇంకా బల్ల మీదే ఉంది. పంపిణీ ఆగిన ఆర్నెల్లకి, 1985 అక్టోబర్‌లో, ఎఫ్‌డీఏ దానికి పచ్చజెండా ఊపింది. ప్రోట్రోపిన్ అని పేరు పెట్టారు. ఈ రోజు మన ఊళ్లో ఎదుగుదల లోపంతో ఉన్న బిడ్డకి డాక్టర్ రాసే సూది ఆ వంశానిదే. అందులో శవం అంశ ఇసుమంత కూడా లేదు. భయపడాల్సిన పని లేదు.

అమెరికా మాత్రం పాత లెక్క మూసేయలేదు. సూదులు తీసుకున్న ఒక్కొక్కరినీ వెతికించింది. పెళ్లిళ్లై ఊళ్లు మారినవాళ్లు, పేర్లు మారినవాళ్లు. ఇల్లిల్లూ వాకబు చేశారు. ఫోన్లు, ఉత్తరాలు, ఆస్పత్రి కాగితాలు, మరణ ధ్రువపత్రాలు. ఏళ్లు గడిచేకొద్దీ సీజేడీ మృతుల సంఖ్య పెరిగింది. అమెరికాలో ముప్ఫై దాటింది. ఫ్రాన్స్‌లో నూరు దాటింది. అమెరికా కార్యక్రమంలో 1977 నుంచి హార్మోన్‌ని శుద్ధి చేసే పద్ధతి మార్చారు. ఆ తర్వాత సూదులు మొదలుపెట్టినవాళ్లలో జబ్బు కనిపించలేదు. అప్పటికి చాలామంది ఊపిరి పీల్చుకున్నారు.

అప్పుడు ఆ మరణాల జాబితాలో ఎవరూ వెతకనిది ఒకటి బయటపడింది.

వీళ్లు వెతికింది మెదడు జబ్బు కోసం. దొరికినవి చాలావరకు సీజేడీ మరణాలు కావు. ఒకరు ఫ్లూ జ్వరం వచ్చి పోయారు. ఇంకొకరు రెండు రోజులు వాంతులై పోయారు. చిన్న ఆపరేషన్ తర్వాత ఒకరు. రాత్రి పడుకుని పొద్దున లేవనివాళ్లు కొందరు. వయసులో ఉన్నవాళ్లు, అసలు పోవాల్సినవాళ్లు కాదు. అడ్రినల్ క్రైసిస్. కార్టిసాల్ చాలక ఒళ్లు కుప్పకూలడం. చక్కెర పడిపోవడం. లెక్క వేస్తే ఇలా పోయినవాళ్లు సీజేడీతో పోయినవాళ్లకంటే ఎక్కువ.

సీజేడీ కంటే ఎక్కువ! పత్రికలన్నీ, కోర్టులన్నీ, కంటి మీద కునుకు లేని తల్లులందరూ ఒక రాక్షసుడి కోసం తలుపు దగ్గర కాపలా ఉంటే, రెండోది ఇంట్లోనే ఉంది. దానికి మందు కూడా ఇంట్లోనే ఉంది. చిన్న బిళ్ల. పేరు హైడ్రోకార్టిసోన్.

ఏం జరిగిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. పిట్యూటరీ దెబ్బతిన్న బిడ్డలో అందరూ ఎత్తుని చూశారు. ఎత్తు కంటికి కనిపిస్తుంది. కార్టిసాల్ కనిపించదు. మామూలు రోజుల్లో కొద్దిపాటి కార్టిసాల్‌తో మనిషి నెట్టుకొస్తాడు. నీరసం ఉంటుంది, ఆకలి ఉండదు, బీపీ తక్కువగా ఉంటుంది, అంతే. జ్వరం వచ్చిన రోజు అసలు పరీక్ష. ఆరోగ్యవంతుడి ఒంట్లో ఆ రోజు పిట్యూటరీ నుంచి అడ్రినల్‌కి కేకలు వెళ్తాయి, కార్టిసాల్ కొన్ని రెట్లు పెరుగుతుంది, బీపీ నిలబడుతుంది. వీళ్లలో ఆ కేక వేసేవాళ్లు లేరు. వాంతులవుతాయి. వాంతుల్లో రోజూ వేసుకునే బిళ్ల కూడా బయటికి పోతుంది. బీపీ జారుతుంది. చక్కెర జారుతుంది. నిద్రలా కమ్ముకొస్తుంది.

ఇంట్లోవాళ్లు పడుకోనిద్దాం అనుకుంటారు.

ఈ మాట చదువుతున్న మన ఇళ్లలో శవాల హార్మోన్ తీసుకున్నవాళ్లు ఉండకపోవచ్చు. పిట్యూటరీ చచ్చుబడినవాళ్లు ఉంటారు. దానికి మన దగ్గర వేరే దారులు ఉన్నాయి. 1937లో గ్లాస్గో ప్రసూతి ఆస్పత్రిలో హెరాల్డ్ షీహాన్ అనే డాక్టర్ ఒక సంగతి రాశాడు. గర్భంతో ఉన్నప్పుడు పిట్యూటరీ ఉబ్బి ఉంటుంది. కాన్పులో విపరీతంగా రక్తం పోయి బీపీ పడిపోతే ఆ గ్రంథికి నెత్తురు అందక ముందు భాగం చచ్చిపోతుంది. తల్లి బతుకుతుంది. గ్రంథి బతకదు. కాన్పుకి సమయానికి రక్తం ఎక్కించే దిక్కు లేని చోట్ల ఈ షీహాన్ జబ్బు ఇవాళ్టికీ కనిపిస్తోంది. మన పొలాల్లో ఇంకో దారి ఉంది, రక్తపింజరి. దాని విషం నెత్తురు గడ్డకట్టే తీరునే తారుమారు చేస్తుంది. కాటు నుంచి బతికి బయటపడ్డ కొందరిలో పిట్యూటరీ ఇలాగే పాడైందని దక్షిణ భారతంలో, బర్మాలో డాక్టర్లు చూశారు. తలకి గట్టి దెబ్బ తగిలినా, ఆ గుంటలో గడ్డ పెరిగినా, గడ్డకి ఆపరేషన్ చేసినా, రేడియేషన్ ఇచ్చినా ఇదే ప్రమాదం.

కాన్పు కథలో ఆనవాళ్లు ఇంట్లో ఆడవాళ్లందరికీ తెలిసినవే. కాన్పులో నెత్తురు చాలా పోయింది. పాలు పడలేదు. బిడ్డని పోతపాల మీదే పెంచారు. ఆ తర్వాత ముట్టు రాలేదు. చంకల్లో వెంట్రుకలు రాలిపోయాయి. ఒళ్లు పాలిపోయింది. చలికి ఓర్చుకోలేదు. ఎండాకాలంలోనూ దుప్పటి. ముప్ఫై ఏళ్లకే ముఖం మీద సన్నని ముడతలు. రక్తం తక్కువుందని టానిక్కులు రాస్తారు. బద్ధకం అని ఇంట్లో అంటారు. ఇలా ఐదేళ్లు, పదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు గడిచాక ఒక వానాకాలం జ్వరం వస్తుంది, రెండు రోజులు వాంతులవుతాయి, మూడో రోజు పిలిస్తే పలకదు, ఆటోలో వేసుకుని కాజువాల్టీకి పరిగెత్తుతారు.

అక్కడ బీపీ అందదు. చక్కెర చూస్తే అట్టడుగున. సోడియం తక్కువ. గ్లూకోజ్ ఎక్కిస్తారు, సెలైన్ ఎక్కిస్తారు. కొద్దిగా కళ్లు తెరుస్తుంది, మళ్లీ మూస్తుంది. ఎందుకు నిలబడటం లేదు?

ఆ నిమిషంలో డ్యూటీ డాక్టర్ నోట ఒక ప్రశ్న రావాలి. ఏమ్మా, ఈవిడకి కాన్పులో రక్తం బాగా పోయిందా? పాలు పడ్డాయా? తోడు వచ్చిన అత్తో అమ్మో అవునని తల ఊపితే, రక్తం శాంపిల్ తీసి పక్కన పెట్టి, రిపోర్టు కోసం ఆగకుండా హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు సూదిలో ఎక్కించాలి. థైరాయిడ్ కూడా తక్కువే ఉంటుంది. దానికి తొందరపడకూడదు. కార్టిసాల్ లేని ఒంట్లో ముందుగా థైరాయిడ్ బిళ్ల పడితే, ఉన్న కాస్త కార్టిసాల్ కూడా ఖర్చైపోయి మనిషి ఇంకా కిందకి జారుతుంది. ముందు హైడ్రోకార్టిసోన్. తర్వాతే థైరాయిడ్.

అమెరికాలో ఆ జాబితా చూశాక పాత రోగులందరికీ చెప్పిందీ ఇదే వరస. ఒకప్పుడు ఎత్తు కోసం సూది తీసుకున్నవాళ్లు అడ్రినల్ లోపం ఉందో లేదో పరీక్ష చేయించుకోవాలి. ఉంటే బిళ్ల ఒక్క పూట కూడా మానకూడదు. జ్వరం వస్తే డాక్టర్ చెప్పినట్టు మోతాదు రెట్టింపో, ఇంకా ఎక్కువో చేయాలి. వాంతుల్లో బిళ్ల నిలవకపోతే ఇంట్లో ఉంచుకున్న సూది వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తాలి. స్పృహ తప్పితే చెప్పేవాళ్లు ఉండకపోవచ్చు, అందుకని జబ్బు పేరు చెక్కిన పట్టీ చేతికి ఉండాలి. మన దగ్గర పట్టీ దొరక్కపోతే పర్సులో కాగితం చాలు. "నాకు పిట్యూటరీ పనిచేయదు. స్టెరాయిడ్ మీద ఉన్నాను. అత్యవసరంలో హైడ్రోకార్టిసోన్ ఇవ్వండి." మూడు వాక్యాలు. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి.

ఇక తేలాల్సింది ఇంకా పరీక్షే చేయించుకోనివాళ్ల సంగతి. కాన్పులో నెత్తురు పోయి పాలు పడని మనిషి, పాముకాటు నుంచి బతికొచ్చి అప్పటి నుంచి నీరసపడ్డ మనిషి మీ ఇంట్లో ఉంటే, పెద్దాసుపత్రిలో ఎండోక్రైనాలజీ విభాగానికి తీసుకెళ్లండి. మొదట చేసేది మామూలు రక్తపరీక్షే. పొద్దున ఎనిమిది గంటలకి తీస్తారు. పేరు సీరం కార్టిసాల్.